సాలిహియ్యా: కాందిశీకులు కట్టుకున్న కొండవాలు పేట

డమాస్కస్ నగరానికి ఉత్తరాన ఖాసియూన్ అనే బోడికొండ ఉన్నది. బరదా నది నుండి చీలిన యజీద్ కాలువ ఆ కొండ పాదాన్ని ఒరుసుకుంటూ పారుతుంది. కాలువకు దిగువన తోటలు, ఎగువన రాతినేల. నగర ప్రాకారానికి వెలుపల, ఆ కొండవాలు మీద, క్రీ.శ. 12వ శతాబ్ది మధ్యలో వెలసిన పేటయే సాలిహియ్యా. నేడది మహానగరంలో కలిసిపోయింది. కాని కొన్ని శతాబ్దాలపాటు అది తన సొంత జుమా మస్జిదు, సొంత బజారు, సొంత ఆసుపత్రి గల ప్రత్యేక జనావాసంగా బ్రతికింది.

ఇస్లామీ చరిత్రలో పాలకులు వెలయించిన శివారు పేటలకు కొదవలేదు. అబ్బాసీ ఖలీఫా మన్సూర్ తన కుమారుడు మహదీ కోసం టిగ్రిస్ నది తూర్పు ఒడ్డున, బగ్దాదు కోటకు ఎదురుగా, హి.శ. 151 (క్రీ.శ. 768)లో రుసాఫాను కట్టించాడు. అటువంటి పేటల గురించి గ్రంథాలు మనకు చెప్పేది ప్రధానంగా కోటల కొలతలు, ద్వారాల పేర్లు, ఖర్చయిన ధనం. సాలిహియ్యా సంగతి వేరు. దానిని కట్టినవారు పన్నుల బాధకూ ప్రాణభయానికీ ఊళ్ళు విడిచి వచ్చిన పల్లెటూరి జనం. దాని గోడల కంటె దానిలో నివసించిన మనుషులే మనకు ఎక్కువగా తెలుసు. రాళ్ళపని చేసేవాడు, తల్లి చంకనెక్కి వచ్చిన నాలుగేళ్ళ పిల్ల, యజమాని వెంట వచ్చిన బానిస కుర్రవాడు, వీరందరూ పేరుపేరునా తెలుసు. మధ్యయుగపు మరే పేటకు ఈ భాగ్యం ఇంతగా దక్కిందో చెప్పటం కష్టం. ఇది ఎలా సాధ్యమైందన్నదే ఈ వ్యాస విషయం.

పేరు సంగతి ముందు తేల్చుకుందాము. ‘సాలిహ్’ అనగా సజ్జనుడు, సత్కార్యాలు చేసేవాడు. కనుక సాలిహియ్యా అంటే పుణ్యపురుషుల పేట అని చాలామంది అర్థం చెబుతారు. ఆ కొండ మీద గల సమాధులను చూపి ఆ అర్థాన్ని సమర్థిస్తారు కూడా. అయితే పేట స్థాపకులలో ముఖ్యుడైన అబూ ఉమర్ స్వయంగా చెప్పిన మాట వేరు. తాము మొదట బస చేసింది అబూ సాలిహ్ మస్జిదులో గనుక జనం తమను ఆ పేరుతో పిలిచారనీ, తాము సాలిహీన్‌లమైనందువల్ల కాదనీ ఆయన అనేవాడట. ఆయన మాటను నమ్మటమే న్యాయం. తన పేటకు దక్కిన గొప్ప పేరును ఇలా తానే తగ్గించి చెప్పుకునే పెద్దమనుషులు అరుదు.

ఈ జనం ఎక్కడివారు? ఫలస్తీనులోని నాబులుస్ పట్టణానికి చేరువలో జమ్మాయీల్ అనే గ్రామం ఉంది. 1099లో బైతుల్ మఖ్దిస్ ఫరంగీల వశమైన తరువాత ఆ ప్రాంతమంతా వారి ప్రభువుల జాగీర్లుగా పంచబడింది. జమ్మాయీల్ ప్రాంతం అరబ్బులు ‘ఇబ్నె బారిజాన్’ అని పిలిచిన ప్రభువు చేతికి వచ్చింది. ఇతడు ఇబెలిన్ వంశానికి చెందిన బాల్డ్విన్ అని చరిత్రకారులు గుర్తించారు. తక్కిన ప్రభువులు ముస్లిం రైతు నుండి తలకు ఒక దీనారు వసూలు చేస్తే ఇతడు నాలుగు వసూలు చేసేవాడనీ, కాళ్ళు నరికించే శిక్షలు కూడా విధించేవాడనీ జియావుద్దీన్ మఖ్దిసీ రాశాడు. ఈ జియావుద్దీన్ ఆ కాందిశీకుల మనుమడే. తల్లి రుఖయ్యా నుండీ, ఇంటి పెద్దల నుండీ విన్న సంగతులను కూర్చి ఆయన తమవారి హిజ్రత్ గాథను గ్రంథస్థం చేశాడు.

ఇది ఒక కుటుంబం తన గురించి తాను చెప్పుకున్న కథ. కనుక తూచి చదవాలి. 1184లో తిబ్నీన్ నుండి అక్కా వరకు ప్రయాణించిన అందలుసీ యాత్రికుడు ఇబ్నె జుబైర్, ఫరంగీల పాలనలోని ముస్లిం రైతులు పంటలో సగమూ, తలకు ఒక దీనారు ఐదు ఖీరాతులూ చెల్లించి తమ ఇళ్ళలో తాము నెమ్మదిగానే ఉన్నారని, అది చూసి తాను బాధపడ్డానని రాశాడు. ఈ రెండు సాక్ష్యాలలో ఏదో ఒకటి అబద్ధం కానక్కరలేదు. జాగీరుకొక ప్రభువు, ప్రభువుకొక పద్ధతి. ఇబ్నె జుబైర్ చెప్పిన ఒక దీనారు లెక్క, తక్కిన ప్రభువుల గురించి జియావుద్దీన్ చెప్పిన దానితో దాదాపు సరిపోతున్నది కూడా. జమ్మాయీల్ రైతుల దురదృష్టం వారి ప్రభువే.

జమ్మాయీల్ ఖతీబు అహ్మద్ బిన్ ముహమ్మద్ బిన్ ఖుదామా. జుమా నాడు ఆయన ఖుత్బా వినటానికి చుట్టుపక్కల పల్లెల నుండి జనం వచ్చేవారు. రైతులను పని మానిపిస్తున్నాడని ప్రభువుకు ఫిర్యాదులు చేరాయి. చంపించాలని అతడు తలపెట్టాడు. అతని కొలువులోనే ఉన్న ఒక ఉద్యోగి, షేఖుపై గౌరవం గలవాడు, ముందుగా కబురు చేశాడు. హి.శ. 551 (క్రీ.శ. 1156)లో అహ్మద్ కొద్దిమంది బంధువులతో రహస్యంగా డమాస్కస్ చేరుకున్నాడు. తరువాత ఇంటివారికి కబురు వెళ్ళింది. ఆడవారు, పిల్లలు, అన్నదమ్ములు, వియ్యాలవారు, వారి వెనుక మర్దా మొదలైన ఇరుగుపొరుగు పల్లెల వారు గుంపులు గుంపులుగా కదిలి వచ్చారు.

డమాస్కస్‌లో వారికి దొరికిన నీడ, తూర్పు ద్వారం వెలుపలి అబూ సాలిహ్ మస్జిదు. అక్కడ రెండు మూడేళ్ళు గడిపారు. ఇరుకు చోటు, జబ్బులు. వచ్చినవారిలో చాలామంది మరణించారు. దీనికి తోడు ఆ మస్జిదు వక్ఫు విషయంలో నగరంలోని పాత హంబలీ కుటుంబంతో తగవు వచ్చింది. మజ్హబ్ ఒకటే అయినా ఊరివాడికి, వచ్చినవాడికి మధ్య పొసగలేదన్నమాట. చివరకు కొత్త చోటు వెదుక్కోవలసి వచ్చింది. ఖాసియూన్ వాలు అప్పటికి జనసమ్మర్దం లేని చోటు. కొన్ని ఆశ్రమాలు, పూర్వ ప్రవక్తల పేరిట జనం దర్శించే గుహలు, సమాధులు ఉండేవి. గాలి మంచిది, యజీద్ కాలువలో నీరుంది. అక్కడ కొద్దిపాటి గదులతో ఒక కట్టడం లేచింది. దానికి ‘దైరుల్ హనాబిలా’ అని పేరు. హి.శ. 558 (1163)లో షేఖ్ అహ్మద్ మరణించేనాటికి పేట అంటే ఇంతే: ఒక కట్టడం, దాని చుట్టూ ఒక బంధువర్గం.

మన దేశంలో హంబలీ మజ్హబ్‌వారు అరుదు గనుక ఒక మాట చెప్పాలి. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మ) ప్రధానంగా హదీసువేత్త. ఆయన అనుయాయులలో హదీసు వినటం, వినిపించటం పండితులకే పరిమితమైన విద్య కాక ఇంటి అలవాటుగా ఉండేది. జమ్మాయీల్ జనం తమ వెంట మూటల కంటె ముందు తెచ్చుకున్నది ఈ అలవాటును. పేట స్వభావానికి మూలం ఇదే.

షేఖ్ అహ్మద్ పెద్ద కుమారుడు అబూ ఉమర్ (హి.శ. 528-607) పేటకు అన్నీ తానే అయినాడు. ఖతీబు ఆయనే. అడిగినవారికి కూలి లేకుండా ముస్హఫ్‌లు రాసి ఇచ్చేవాడు. కొండ ఎక్కి షీహ్ అనే పొద కట్టెలు ఏరి, తాడుతో మోపు కట్టి, వితంతువుల ఇళ్ళకు, అనాథల ఇళ్ళకు మోసుకువచ్చేవాడు. రాత్రివేళ ఎవరికీ తెలియకుండా పిండి, దిర్హములు చేరవేసేవాడు. ఈ సంగతులు రాసిన సిబ్త్ ఇబ్నుల్ జౌజీ ఆయనను కళ్ళారా చూసినవాడు, ఖాసియూన్ వాలు మీద నివసించినవాడు. ఆయన ‘మిర్ఆతుజ్జమాన్’లోని ఆ భాగాన్ని 1951-52లో అచ్చువేసింది మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫిల్ ఉస్మానియా అన్న విషయం పాఠకులలో కొందరికైనా తెలియకపోవచ్చు. అబూ ఉమర్ మోసిన కట్టెలమోపు సంగతి అరబ్బు ప్రపంచపు పండితులు చాలాకాలం హైదరాబాదు ప్రతిలోనే చదువుకున్నారు.

పేటకు జుమా మస్జిదు కావాలని అబూ ఉమర్ హి.శ. 598 (క్రీ.శ. 1201-02)లో పని మొదలుపెట్టాడు. మొదటి సొమ్ము ఇచ్చింది ఒక వర్తకుడు. గోడలు మనిషి ఎత్తు లేచేసరికి ఆ డబ్బు అయిపోయింది. ఈ వార్త ఇరాఖ్‌లోని ఇర్బిల్ పాలకుడు ముజఫ్ఫరుద్దీన్ కూక్‌బూరీ చెవిన పడింది. మీలాదున్నబీ ఉత్సవాలను ఘనంగా జరిపిన పాలకుడుగా ఈయన పేరు మన పాఠకులకు పరిచితమే. ఆయన మూడు వేల దీనార్లు పంపాడు. అందుచేతనే ఆ మస్జిదుకు ‘ముజఫ్ఫరీ’ అనే పేరు వచ్చింది. జనం మాత్రం ‘జామిఉల్ హనాబిలా’ అనే అంటారు. నగరంలోని ఉమయ్యద్ మస్జిదు నమూనానే చిన్నదిగా, ఆడంబరం లేకుండా అనుసరించిన కట్టడమది.

నీటి సంగతి కూడా చెప్పుకోదగినదే. బర్జా గ్రామం వైపు నుండి మస్జిదుకు కాలువ తెప్పించాలని కూక్‌బూరీ మరికొంత ధనం పంపాడు. కాలువ దారిలో ముస్లిముల ఖబ్రస్తాన్ వస్తుందని చెప్పి డమాస్కస్ పాలకుడు అల్ మలికుల్ ముఅజ్జమ్ అభ్యంతరపెట్టాడు. అప్పుడు మస్జిదులో బావి త్రవ్వి, నీరు తోడటానికి గానుగ ఎద్దులా తిరిగే ఒక కంచరగాడిదను పెట్టి, దాని మేతకు వక్ఫు ఏర్పాటు చేశారు. శివారు పేటల చరిత్రలో సగం ఇటువంటి నీటి తగవులే. నగరం పై మాట, పేట కింది మాట.

అబూ ఉమర్ నెలకొల్పిన మదర్సా ‘ఉమరియ్యా’. దీని ప్రత్యేకత ఏమంటే, ఖుర్ఆన్ నేర్చుకోదలచిన పెద్దవయసువారి కోసం, ముసలివారి కోసం కూడా అది తెరిచి ఉండేది. 1326లో చూచిన ఇబ్నె బతూతా ఈ విషయాన్ని ప్రత్యేకంగా రాశాడు. నేర్చుకునేవారికీ, నేర్పేవారికీ సరిపడా అన్నవస్త్రాలు అక్కడ లభించేవని కూడా చెప్పాడు. పొలం వదిలి వచ్చిన రైతుకు నలభయ్యో ఏట అక్షరం నేర్పవలసిన అవసరం ఏ రాజధాని మదర్సాకూ తోచదు. కాందిశీకుల పేటకు తోచింది.

1187లో సుల్తాన్ సలాహుద్దీన్ బైతుల్ మఖ్దిస్‌ను విడిపించాడు. ఆ దండయాత్రలో అబూ ఉమర్, ఆయన తమ్ముడు మువఫ్ఫఖుద్దీన్ పాల్గొన్నారు. నాబులుస్ ప్రాంతం కూడా మళ్ళీ ముస్లిముల చేతికి వచ్చింది. ఇక ఇంటికి తిరిగి వెళ్ళకుండా ఆపేవారు లేరు. అయినా ఖుదామా కుటుంబం, దానితో అల్లుకున్న వారు ఖాసియూన్ మీదనే ఉండిపోయారు. ముప్పై ఏళ్ళలో అక్కడ సమాధులు లేచాయి, పిల్లలు పుట్టి పెరిగారు. వారిని అందరూ ‘మఖ్దిసీ’లనే పిలుస్తూ వచ్చారు, అంటే బైతుల్ మఖ్దిస్ దేశంవారు. పేరులో పాత దేశం, బ్రతుకంతా కొత్త పేట.

మువఫ్ఫఖుద్దీన్ అంటే మరెవరో కాదు, ఫిఖ్హ్ చదివినవారందరికీ తెలిసిన ‘అల్ ముగ్నీ’ కర్త ఇబ్నె ఖుదామా (1147-1223). జమ్మాయీల్‌లో పుట్టి, పసితనంలోనే వలస వచ్చి, హి.శ. 561 (1166)లో తన ఈడువాడైన బంధువు అబ్దుల్ గనీతో కలిసి బగ్దాదుకు వెళ్ళాడు. అక్కడ వారు దిగింది హజ్రత్ షేఖ్ అబ్దుల్ ఖాదిర్ జీలానీ (రహ్మ) మదర్సాలోనే. షేఖ్‌కు అవి చివరి రోజులు. దాదాపు ఒకటిన్నర నెల మాత్రమే ఆయన వద్ద చదువు సాగింది, అంతలో ఆయన కన్నుమూశారు. గౌసె ఆజమ్ చివరి శిష్యులలో ఒకడు హంబలీ ఫిఖ్హ్‌లో అంత పెద్ద గ్రంథం రాశాడన్న సంగతి, తసవ్వుఫ్‌ను, ఫిఖ్హ్‌ను రెండు శత్రుశిబిరాలుగా చూసేవారు గమనించదగినది.

ఈ పేటను గురించి మంచినే చెప్పి ఊరుకోవటం న్యాయం కాదు. బంధువులు బంధువులనే పెళ్ళాడి, ఒకే మజ్హబ్ చుట్టూ అల్లుకున్న సమాజమది. ఇమడటం అంత తేలిక కాదు. దాని పండితులకు, నగరంలోని అధికసంఖ్యాకులైన షాఫయీ పండితులకు మధ్య దైవ గుణాల చర్చ మీద ఘర్షణలు తప్పలేదు. ‘ఉమ్దతుల్ అహ్‌కామ్’ కర్త అబ్దుల్ గనీ మీద హి.శ. 595 (1199)లో అటువంటి వివాదమే పెద్దదై, ఆయన డమాస్కస్ వదిలి ఈజిప్టుకు వెళ్ళవలసి వచ్చింది. అక్కడే హి.శ. 600 (1203)లో మరణించాడు. తప్పొప్పులు ఎలా ఉన్నా, నగరం ఈ కొండవాలు జనాన్ని చాలాకాలం పైవారిగానే చూసిందనటానికి ఇదొక గుర్తు.

ఇక అసలు విషయానికి వద్దాము. ఒక గ్రంథాన్ని గురువు ఎదుట చదవటం, చుట్టూ కూర్చున్నవారు వినటం, దీనిని ‘సమాఅ’ అంటారు. చదవటం ముగిసిన తరువాత ఆ గ్రంథం చివరి పుటలోనో అంచులోనో ఒక పత్రం రాసేవారు. వినిపించిన గురువు ఎవరు, చదివినవాడెవడు, తేదీ ఏమిటి, చోటు ఏది, విన్నవారు ఎవరెవరు, అన్నీ అందులో ఉండేవి. ఐదేళ్ళు నిండిన పిల్లవాడైతే ‘విన్నాడు’ అని, అంతకంటె చిన్నవాడైతే ‘హాజరైనాడు’ అని రాసేవారు. మధ్యలో కొంత భాగం తప్పిపోయినవారు ఎవరో, వారికి తప్పిపోయిన భాగం ఏదో కూడా గుర్తించేవారు. వృత్తి పేర్లు ఉండేవి. తండ్రితో వచ్చిన కూతురు, తల్లితో వచ్చిన కొడుకు, యజమానితో వచ్చిన సేవకుడు, అందరికీ అందులో చోటుండేది.

అయిదేళ్ళు నిండని బిడ్డకు ఏమర్థమవుతుందని ఎందుకు తెచ్చేవారు? కారణం లెక్కకు సంబంధించినది. దైవప్రవక్త (స) వరకు గల ఉల్లేఖకుల గొలుసులో లంకెలు ఎంత తక్కువైతే అంత శ్రేష్ఠం. ఎనభయ్యేళ్ళ గురువు ఎదుట నాలుగేళ్ళ బిడ్డను కూర్చోబెడితే, ఆ బిడ్డ ఎనభయ్యేళ్ళు బ్రతికితే, రెండు లంకెలతో ఒకటిన్నర శతాబ్దం దాటవచ్చు. అంటే పిల్లలను కూర్చోబెట్టినవారు తమ కోసం కాదు, ఇంకా పుట్టని శిష్యుల కోసం ఆ పని చేశారు.

ఈ పద్ధతి ఫలించిన తీరుకు సాలిహియ్యా రాళ్ళపనివాడి కథే నిదర్శనం. అహ్మద్ బిన్ అబీ తాలిబ్, ‘అల్ హజ్జార్’ అనగా రాళ్ళపనివాడు. ఆ పనితోనే పొట్ట పోసుకున్నాడు. డమాస్కస్ కోటలో కూడా పనిచేశాడు. హి.శ. 630 (1233)లో బగ్దాదు నుండి వచ్చిన జబీదీ అనే పండితుడు సహీహ్ బుఖారీని ఖాసియూన్ వాలు మీద వినిపించినప్పుడు విన్న పిల్లలలో ఇతడొకడు. ఆ తరువాత డెబ్బై అయిదేళ్ళు ఎవరికీ ఆ సంగతి పట్టలేదు. హి.శ. 706 (1306-07)లో హదీసువేత్తలు పాత సమాఅ పత్రాలలో అతని పేరు చూచి వాకబు చేశారు. మనిషి బ్రతికే ఉన్నాడు! జబీదీ నోట బుఖారీ విన్నవారు అప్పటికి దాదాపు అంతరించారు. పండితులు ఎంతగానో సంతోషించారు. అక్కడి నుండి మరణించేవరకు (హి.శ. 730, క్రీ.శ. 1329) ఆ వృద్ధుని ఎదుట సహీహ్ బుఖారీ అరవై డెబ్బై సార్లు చదవబడింది. కైరోకు పిలిపించి సుల్తాన్ అన్నాసిర్ ముహమ్మద్ స్వయంగా విని ఖిలత్ తొడిగాడు. చరిత్రకారుడు ఇబ్నె కసీర్ ఆయన శిష్యుడు. ఇబ్నె బతూతా 1326 రమజాన్‌లో ఉమయ్యద్ మస్జిదులో ఆయన ఎదుట బుఖారీ విన్నానని చెప్పుకున్నాడు. ఆ తరువాత కొన్ని ఏళ్ళకే అతడు ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లఖ్ కొలువులో ఉన్నాడు. అల్ హజ్జార్ ఇందులో గొప్ప పాండిత్యమేదీ ప్రదర్శించలేదు. చిన్నప్పుడు ఆ మజ్లిసులో కూర్చున్నాడు, ఎవరో అతని పేరు రాశారు, ఆ కాగితం నిలిచింది.

ఇదే పేటలో జైనబ్ బిన్తుల్ కమాల్ (హి.శ. 646-740) ఉండేది. చిన్నతనంలో కండ్లకలక వచ్చి చూపు చెడింది. ఆమె పెళ్ళి చేసుకోలేదు. పసిపిల్లగా ఉన్నప్పుడే పెద్దలు ఆమె పేరిట దూరదేశాల గురువుల నుండి ఇజాజత్‌లు తెప్పించారు. వృద్ధాప్యంలో ఆమె ఒక్కతే ఉల్లేఖించగల హదీసు పుస్తకాలు ఒంటె మోయగలిగినంత ఉండేవని జహబీ రాశాడు. విద్యార్థులు గుమిగూడి పగలు చాలాభాగం ఆమె ఎదుట చదివేవారట. ఆమె విసుగుకునేది కాదట. ఇబ్నె బతూతా తనకు ఇజాజత్ ఇచ్చినవారిలో ఈమె పేరు కూడా చెప్పాడు. ఆమె తరువాతి తరంలో ఆయిషా బిన్తె ముహమ్మద్ బిన్ అబ్దుల్ హాదీ (హి.శ. 723-816) నాలుగో ఏట అల్ హజ్జార్ ఎదుట బుఖారీ మజ్లిసులో కూర్చున్నది. ఆమె నుండి హదీసు నేర్చినవాడు సహీహ్ బుఖారీకి సుప్రసిద్ధ వ్యాఖ్య రాసిన ఇబ్నె హజర్ అస్ఖలానీ. జబీదీ, అల్ హజ్జార్, ఆయిషా: మూడు పేర్లు, దాదాపు రెండు శతాబ్దాలు. వీరిలో కొందరి జీవిత విశేషాలు గల ఇబ్నె హజర్ ‘దురరుల్ కామినా’ కూడా హైదరాబాదులోనే 1929 నుండి అచ్చయింది.

స్త్రీలు ఇంతమంది ఎలా వచ్చారని ఆశ్చర్యపడేవారున్నారు. మజ్లిసులు మస్జిదులోనే కాదు, ఇళ్ళలోను, తోటలలోను జరిగేవి. గురువులు మేనమామలు, పినతండ్రులు, తాతలు. పేటంతా బంధువులైనప్పుడు ఆడపిల్ల చదువుకు అడ్డుగోడలు తక్కువ. పైన పేట తప్పుగా చెప్పుకున్న ఆ బంధువర్గపు బిగువే ఇక్కడ మేలు చేసింది.

పాలకుల కట్టడాల గురించి క్లుప్తంగా చెప్పి ముందుకు పోవచ్చు. పేటకు పేరు రావటంతో అయ్యూబీ అమీర్లు, బేగములు ఆ దారి పొడవునా గుంబదులు, మదర్సాలు కట్టించారు. సలాహుద్దీన్ సోదరి, కూక్‌బూరీ భార్య అయిన రబీఆ ఖాతూన్ హంబలీల కోసం ‘సాహిబా’ మదర్సా కట్టించింది. అందుకు ఆమెను ప్రోత్సహించింది అమతుల్లతీఫ్ అనే విదుషి. ఈ విదుషి, అబూ సాలిహ్ మస్జిదు దగ్గర కాందిశీకులతో తగవుపడిన పాత హంబలీ వంశపు ఆడపడుచు కావటం విశేషం. రబీఆ ఖాతూన్ మరణానంతరం ఆమె ధనం కోసం అమతుల్లతీఫ్‌ను అధికారులు చెరలో పెట్టారు కూడా. ఖైమరీ అనే కుర్దు అమీరు 13వ శతాబ్ది మధ్యలో ఆసుపత్రి కట్టించాడు. హనఫీ, షాఫయీ మదర్సాలూ వెలిశాయి. కనుక ‘సాలిహియ్యా వాసులందరూ హంబలీలే’ అన్న ఇబ్నె బతూతా మాట అతిశయోక్తి.

హి.శ. 699 (1300 తొలి మాసాలు)లో మంగోలు పాలకుడు గాజాన్ సేనలు డమాస్కస్ మీద పడినప్పుడు నగరానికి గోడ ఉన్నది, పేటకు లేదు. సుమారు 400 మంది చంపబడ్డారు, సుమారు 4,000 మంది చెరపట్టబడ్డారు అని చరిత్రకారుల లెక్క. జియావుద్దీన్ తన చేతులతో రాళ్ళు మోసి కట్టుకున్న దారుల్ హదీస్ ‘జియాయియ్యా’ గ్రంథాలయం దోపిడీకి గురైంది. దాని పుస్తకాలు, మీద రాసిన వక్ఫు వాక్యం అలాగే ఉండగా, బజారులో అమ్ముడుపోయాయని ఇబ్నె కసీర్ రాశాడు. కొన్నవారికి అది ఎవరి సొత్తో తెలియదని చెప్పటానికి వీలులేదు. పుస్తకం మొదటి పుటలోనే రాసి ఉంది.

పేట మళ్ళీ లేచింది. ఆయిషాయే అందుకు సాక్ష్యం. ఇబ్నె హజర్ సాలిహియ్యా వృద్ధురాళ్ళ వద్ద చదువుకున్నది హి.శ. 802 (1400)లో, కొద్ది నెలలకే తైమూర్ వచ్చిపడి డమాస్కస్‌ను తగులబెట్టాడు.

15వ శతాబ్ది చివరలో పేటకు ఒక విచిత్రమైన సంరక్షకుడు దొరికాడు. యూసుఫ్ బిన్ అబ్దుల్ హాదీ (మ. హి.శ. 909, క్రీ.శ. 1503) ఖుదామా వంశవృక్షపు కొమ్మ. చెదిరిపోయిన పాత హదీసు పుస్తకాలను, విడి కాగితాలను ఏరి, కలిపి కుట్టించి, దాదాపు 3,000 శీర్షికలతో జాబితా రాసి, ఉమరియ్యా మదర్సాకు వక్ఫు చేశాడు. పాత పండితులు మస్జిదు నిండా జనాన్ని కూర్చోబెట్టి చదివిన పుస్తకాలను ఈయన తన ఇంట్లో భార్యలను, పిల్లలను, దాసీ బుల్‌బుల్‌ను కూర్చోబెట్టి చదివాడు. వారి పేర్లను అదే పద్ధతిలో, అదే పుస్తకాల అంచులలో రాశాడు. బుల్‌బుల్ మరణించినప్పుడు ఆమె మీద ఒక పుస్తకమే రాశాడు. కొందరు పరిశోధకులు ఇందులో హదీసు విద్య క్షీణతను చూశారు. జనం తగ్గినమాట నిజమే. కాని బానిసకూ, బిడ్డకూ, గురువుకూ ఒకే పత్రంలో చోటిచ్చే ఆచారం అబూ ఉమర్ కాలం నాటిదే. యూసుఫ్ దానిని దాదాపు మూడు శతాబ్దాల తరువాత ఇంటిలో నిలబెట్టాడు.

ఆయన శిష్యుడు ఇబ్నె తూలూన్ (మ. 1546) సాలిహియ్యా చరిత్రను ‘అల్ ఖలాయిదుల్ జౌహరియ్యా’ పేరుతో రాశాడు. స్వయంగా హనఫీ అయినా హంబలీల పేటను అభిమానంతో వర్ణించాడు. జియావుద్దీన్ రాసిన హిజ్రత్ గాథ మనకు దక్కింది ఈ గ్రంథం మూలంగానే. ఉస్మానీ సుల్తాన్ సలీం 1516లో డమాస్కస్‌ను జయించి, ఆదరణ లేక పడి ఉన్న షేఖ్ ముహియుద్దీన్ ఇబ్నె అరబీ సమాధి మీద మస్జిదు కట్టించటం ఇబ్నె తూలూన్ కళ్ళెదుటే జరిగింది. ఆ తరువాత సాలిహియ్యాకు వచ్చే బాటసారి ముందుగా అడిగేది ఆ దర్గా దారినే. ఢిల్లీలో షా గులామ్ అలీ వద్ద ఖిలాఫత్ పొందిన నఖ్ష్‌బందీ షేఖ్ మౌలానా ఖాలిద్ కూడా 1827లో ఈ కొండవాలు మీదనే ఖననమైనాడు. జనం గుంబదులను గుర్తుంచుకున్నారు. దైరుల్ హనాబిలా గదులను మరచారు.

19వ శతాబ్ది చివరి సంవత్సరాల్లో క్రీటు ద్వీపం, బాల్కను ప్రాంతాల నుండి తరలి వచ్చిన ముస్లిం కాందిశీకులకు ఉస్మానీ ప్రభుత్వం ఇదే ఖాసియూన్ వాలు మీద, సాలిహియ్యాకు పడమటి పక్కన, చోటిచ్చింది. ఆ కొత్త పేట పేరు ముహాజిరీన్. దాదాపు అదే కాలంలో, వక్ఫు మదర్సాలలో దిక్కులేక పడిఉన్న పుస్తకాలను ఒకచోట చేర్చే ప్రయత్నం నగరంలో జరిగింది. ఉమరియ్యాలో పోగా మిగిలినవి జాహిరియ్యా గ్రంథాలయానికి చేరాయి. 1984లో ప్రారంభమైన డమాస్కస్ జాతీయ గ్రంథాలయానికి ఆ తరువాత తరలాయి. హి.శ. 550 నుండి 750 వరకు గల సమాఅ పత్రాలలోని పేర్లను కూర్చిన నిఘంటువు డమాస్కస్‌లో 1996లో వెలువడింది. అబూ ఉమర్, జియావుద్దీన్, అల్ హజ్జార్ వంటి పెద్దపేర్ల పక్కన అందులో దర్జీలు, వడ్రంగులు, వారి కూతుళ్ళు, సేవకులు ఉన్నారు. వారిలో చాలామందికి వేరే ఏ గ్రంథంలోనూ ఒక్క వాక్యం కూడా లేదు.